మొగ పూడితే రేవు లేదు: పులికాట్ ఊరి కథ



ఈ సంచికలో మన పొదుపు లెక్కలున్నాయి, బ్యాంకు లింకేజీ వివరాలున్నాయి, స్త్రీనిధి అప్పులు, తిరిగి కట్టిన కిస్తులు అన్నీ ఉన్నాయి. లెక్కలు చదివి అలిసిపోయినంక చదువుకోవడానికి ఒక ఊరి చరిత్ర రాస్తున్నాం. ఆ ఊరు మన జగిత్యాల జిల్లాలో లేదు, సిరిసిల్ల జిల్లాలో లేదు. మనకు దక్షిణాన, సముద్రం పక్కన, ఒక పెద్ద ఉప్పునీటి సరస్సు ఒడ్డున ఉంది. పేరు పులికాట్.

సముద్రం లేని జిల్లాలోళ్లకు రేవు ఊరి ముచ్చట ఎందుకని ఎవరైనా అడగొచ్చు. అడగాలె కూడా. మూడు కారణాలున్నాయి. ఆ ఊరు బట్ట వల్ల బతికింది, సిరిసిల్ల కూడా అంతే. ఆ ఊరి రేవు నుంచి మనుషులు పొట్టకూటి కోసం, అప్పు కోసం సముద్రం దాటిపోయారు. జగిత్యాల, కోరుట్లలో ఇంటికొకరు దుబాయి, మస్కట్ పోయినోళ్లున్నారు. ఇక మూడోది నీళ్లు. మిడ్ మానేరు నిండినంక మనలో చాలామంది బతుకు కూడా నీళ్ల ఒడ్డు బతుకే అయింది. అందుకని ఈ ఊరి కథ మనకు అక్కరకొస్తదని నమ్మి రాస్తున్నాం.

లుంగీ మీద ఊరి పేరు

మలేషియాలో, ఇండోనేషియాలో మగవాళ్లు కట్టుకునే గళ్ల లుంగీని 'కైన్ పెలెకాట్' అంటారు. కైన్ అంటే బట్ట. పెలెకాట్ అంటే మన పులికాటే. శ్రీలంకలో కూడా గళ్ల లుంగీకి ఇదే ఊరి పేరు అంటుకుని ఉంది. ఆ దేశాల్లో ఈ లుంగీ కట్టుకునే మనిషికి ఆ ఊరు ఎక్కడుందో తెలియకపోవచ్చు. పేరు మాత్రం వందల ఏండ్లుగా నోట్లో నానుతున్నది.

ఇంకో సంగతి. 18వ శతాబ్దం చివర్లో స్కాట్లాండ్ దేశంలో గ్లాస్గో చుట్టుపక్కల నేతగాళ్లు రంగురంగుల గళ్ల రుమాళ్లు నేసి అమ్మేవారు. వాటిని 'పులికేట్లు' అనేవారు. నేసింది అక్కడ, నూలు అక్కడిది, లాభం అక్కడిది. పేరొక్కటే మన సరస్సు ఒడ్డు నుంచి పోయింది.

బీడీ కట్ట మీద ఉండేది కంపెనీ పేరు, చుట్టిన మనిషి పేరు కాదు. కోరుట్లలో బీడీలు చేసే మన అక్కలకు ఈ ముచ్చట విడమరిచి చెప్పనక్కరలేదు. పులికాట్ బట్ట మీద కూడా నేసినోళ్ల పేరు లేదు. అది ఎక్కించిన రేవు పేరే ఉంది.

ఊరు ఎక్కడుంది, ఎట్లుంటది

మన దేశంలో సముద్రం పక్కన ఉండే ఉప్పునీటి సరస్సుల్లో ఒడిశాలోని చిలికా పెద్దది, దాని తర్వాతది పులికాట్. సరస్సులో ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్‌లో, దక్షిణపు కొస తమిళనాడులో ఉన్నాయి. పులికాట్ ఊరు ఆ దక్షిణపు కొసన, తిరువళ్లూరు జిల్లాలో, చెన్నైకి ఉత్తరాన సుమారు 60 కిలోమీటర్ల దూరంలో ఉంది. తమిళంలో ఊరిని పళవేర్కాడు అంటారు. తెలుగువాళ్లు సరస్సును ప్రళయకావేరి అని కూడా పిలుచుకున్నారు. ఆ చుట్టుపక్కల తెలుగు, తమిళం రెండూ వినబడతాయి.

సరస్సుకు, సముద్రానికి నడుమ శ్రీహరికోట దీవి అడ్డంగా పడుకుని ఉంటది. 1971 నుంచి రాకెట్లు ఎగిరేది ఆ దీవి మీది నుంచే. పడమటి దిక్కు నుంచి కాళంగి, ఆరణి లాంటి ఏర్లు తీపినీళ్లు తెస్తాయి. సముద్రం ఆటుపోట్లతో ఉప్పునీళ్లు లోపలికి వచ్చి పోతుంటాయి. రెండు నీళ్లు కలిసేచోట రొయ్యలు, పీతలు, చేపలు బాగా పెరుగుతాయి. చలికాలంలో వేల పక్షులు వస్తాయి. రాజహంసలని పిలిచే పొడుగుకాళ్ల ఫ్లెమింగోలను చూడడానికి సూళ్లూరుపేటలో పండుగే చేస్తారు.

సరస్సు చాలాచోట్ల నడుము లోతు కూడా ఉండదు. దాని ప్రాణమంతా ఒక్కచోట ఉంది. సముద్రంలో కలిసే నోరు అది. కోస్తావాళ్లు దాన్ని మొగ అంటారు, పుస్తకాల్లో ముఖద్వారం అని రాస్తారు. మొగ తెరుచుకుని ఉంటే సముద్రపు నీళ్లు వస్తాయి, వాటితోపాటు రొయ్య పిల్లలు వస్తాయి, పడవలు వస్తాయి. అలలు ఇసుకను తెచ్చి మొగను పూడ్చితే అన్నీ ఆగిపోతాయి. మన చెరువుకు తూము, మత్తడి ఎట్లనో ఆ సరస్సుకు మొగ అట్ల. ఈ మాట గుర్తు పెట్టుకోండి, ఊరి కథంతా దీని చుట్టే తిరుగుతది.

రేవుకు కావలసింది నమ్మకం

రేవు అంటే ఏమిటో కాకతీయులకు బాగా తెలుసు. మన చెరువులను, కుంటలను తవ్వించిన ఆ రాజులే సముద్రం మీది వ్యాపారాన్ని కూడా పట్టించుకున్నారు. గణపతిదేవుడు 1244 ప్రాంతంలో తూర్పుతీరాన మోటుపల్లి రేవులో ఒక శాసనం వేయించాడు. అంతకు ముందు తుపానుకు పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా రాజులు గుంజుకునేవారు. ఇక మీదట అట్ల చేయం, న్యాయమైన సుంకం మాత్రమే తీసుకుంటాం, భయం లేకుండా రండి అని ఆ శాసనంలో మాట ఇచ్చాడు. దాన్ని అభయ శాసనం అంటారు. ఓడ ఏ రేవుకు పోవాలో వ్యాపారి నమ్మకాన్ని బట్టి ఎంచుకుంటాడు. రేవు నిలబడేది ఆ నమ్మకం మీదనే.

పులికాట్ రేవు విజయనగర రాజుల కాలంలో బాగా వెలిగింది. పోర్చుగీసువాళ్లు 16వ శతాబ్దం మొదట్లోనే అక్కడికి వచ్చారు. అప్పటికే ముస్లిం వ్యాపారులు, తెలుగు, తమిళ వర్తకులు అక్కడ స్థిరపడి ఉన్నారు. ఇక్కడి నుంచి తూర్పు దీవులకు బట్ట పోయేది. అటు నుంచి మిరియాలు, లవంగాలు, జాజికాయ వచ్చేవి.

మనకు నచ్చే ముచ్చట ఒకటుంది. ఆ రోజుల్లో విజయనగర రాజ్యానికి రాజు వెంకటపతిరాయలు. పులికాట్ ఊరి పెత్తనం, ఆదాయం ఆయన రాణుల్లో ఒకామె చేతిలో ఉండేవి. దూరదేశపు వ్యాపారులు కోట కట్టుకోవాలన్నా, సుంకం తగ్గించుకోవాలన్నా ఆమె మనుషులతో మాట్లాడుకోవలసిందే. చరిత్ర పుస్తకాల్లో వలందుల దొరల పేర్లే ముందు కనబడతాయి. ఆ ఊరి లెక్క చూసింది మాత్రం ఒక ఆడమనిషి.

వలందులు వచ్చినంక

డచ్చివాళ్లను మన పెద్దలు వలందులనేవారు. వాళ్లు 1610లో ఇక్కడ వ్యాపారానికి అనుమతి తీసుకున్నారు. 1612లో పోర్చుగీసువాళ్లు వాళ్ల కొట్టు మీద దాడి చేశారు. 1613లో కోట లేచింది. దానికి తమ దేశంలోని ఒక ప్రాంతం పేరు మీద గెల్డ్రియా అని పేరు పెట్టుకున్నారు. అప్పటి నుంచి 1690 దాకా ఈ తూర్పుతీరంలో వాళ్ల వ్యాపారానికంతటికీ పులికాటే పెద్ద ఠాణా. కోటలో మందుగుండు కూడా తయారయ్యేది.

వాళ్లకు కావలసింది మన బట్ట. తూర్పు దీవుల్లో లవంగాలు, జాజికాయ అమ్మేవాళ్లు వెండికన్నా ఈ తీరపు బట్టనే ఎక్కువ కోరేవారు. గళ్ల బట్టలు, చిరివేరు వేరుతో ఎర్రరంగు అద్దిన బట్టలు, కలంకారీ అచ్చులు ఓడల్లో బేళ్లుగా పోయేవి. చుట్టూ ఊళ్లలో వేలమంది నేతగాళ్లు, రంగులద్దేవాళ్లు, నూలు వడికే ఆడవాళ్లు ఈ వ్యాపారం మీదనే బతికారు.

పని ఎట్ల నడిచేదో చెప్పుకుందాం. కంపెనీ పెద్ద వర్తకులకు బయానా ఇచ్చేది. ఆ వర్తకులు కింది దళారులకు, వాళ్లు నేతగాళ్లకు పైసలు పంచేవారు. బయానా తీసుకున్న నేతగాడు ఆ బట్టను ఇంకొకరికి అమ్ముకోవద్దు. కొలత తక్కువైనా, రంగు తేడా వచ్చినా ధర కోసేవారు. పత్తి ధర పెరిగితే, వరి ధర పెరిగితే ఆ బరువు నేతగాడి మీదనే పడేది. పాత బయానా తీరకముందే కొత్త బయానా వచ్చేది.

సిరిసిల్లలో సాంచాలు నడిపే ఇండ్లవాళ్లు ఈ వరస ఇట్టే పోల్చుకుంటారు. నూలు, భీములు ఇచ్చే యజమాని ఒకరు. సాంచాలు పెట్టుకుని కూలికి నేసిచ్చే ఆసామి ఇంకొకరు. సాంచా ముందు పన్నెండు గంటలు నిలబడే కార్మికుడు మరొకరు. కండెలు చుట్టే ఆడవాళ్ల కూలి అన్నిటికన్నా కింద. మీటరుకు ఇంత అని ముందే తెగిపోతది, కరెంటు బిల్లు పెరిగినా, గిరాకీ పడిపోయినా నష్టం కిందికే జారుతది. నాలుగు వందల ఏండ్ల కింద సరస్సు ఒడ్డున మగ్గం ముందు కూర్చున్నోడికీ, ఇయ్యాల సాంచా ముందు నిలబడ్డోడికీ మధ్యన యంత్రం మారింది. బయానా ముడి పెద్దగా మారలేదు.

ఓడలో బట్టతోపాటు మనుషులు

ఈ భాగం రాయాలా వద్దా అని మాలో మేము చర్చించుకున్నాం. రాయాలనే అనుకున్నాం.

17వ శతాబ్దంలో ఈ తీరాన పెద్ద కరువులు వచ్చాయి. వానలు లేవు, యుద్ధాలు ఆగలేదు. తిండిలేక తల్లిదండ్రులు పిల్లలను అమ్ముకున్నారు, కొందరు తమను తామే అమ్ముకున్నారు. మనిషి ధర పడిపోయింది. ఆ టైంలో డచ్చి కంపెనీ పులికాట్ నుంచి వేలమందిని బానిసలుగా కొని ఓడలెక్కించి బటావియాకు పంపింది. బటావియా అంటే ఇప్పటి జకార్తా. అక్కడ ఇండ్లల్లో, తోటల్లో, కోటల పనుల్లో పెట్టింది. దారిలోనే ఎంతోమంది చనిపోయారు. పోయినోళ్లల్లో ఆడవాళ్లు, చిన్నపిల్లలు చాలామంది ఉన్నారు. బట్ట బేళ్లకు లెక్క రాసినట్టే మనుషులకు కూడా కంపెనీ పుస్తకాల్లో లెక్క రాసింది.

మన ఊళ్ల నుంచి గల్ఫ్‌కు పోయేటోళ్లు బానిసలు కారు. వాళ్లు తమ ఇష్టంతో, పాస్‌పోర్టుతో, ఇంటిని నిలబెట్టాలనే పట్టుదలతో పోతున్నారు. ఆ తేడా చాలా పెద్దది, దాన్ని చిన్నగ చేయొద్దు. కానీ ఎక్కే గడప ఒక్కటే, అదే అప్పు. వీసా కోసం నూటికి మూడు రూపాయలు, అయిదు రూపాయల మిత్తికి అప్పు తెచ్చిన ఇంట్లో, పోయిన మనిషి రెండేండ్లు చేసిన కష్టం ఆ మిత్తికే పోతది. ఆ రోజుల్లో ఆ తీరపు తల్లికి కరువు కాలంలో గింత వడ్లు అప్పిచ్చే సంఘం ఉండి ఉంటే పిల్లను ఓడ ఎక్కించేది కాదు. మన పొదుపు పుస్తకంలో వారానికి వేసే పదులు, యాభైలు చిన్నవే అనిపిస్తాయి. ఈ చరిత్ర చదివినంక అవి చిన్నవి అనిపించవు.

ఉత్తరాన ఇంకో రేవు

అదే సరస్సుకు ఉత్తరం కొసన, ఆంధ్రప్రదేశ్‌లో వాకాడు మండలంలో దుగరాజపట్నం అనే ఊరుంది. 1626లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ఇక్కడ ఒక కొట్టు పెట్టుకుని కోట కట్టింది. వాళ్ల రాతల్లో ఈ ఊరి పేరు ఆర్మగాన్. ఆ ఊళ్లో తమకు సాయం చేసిన ఆర్ముగం మొదలియారి పేరు మీద అట్ల పిలిచారని చెప్పుకుంటారు.

ఇంగ్లీషువాళ్లకు ఇక్కడ కావలసినంత మంచి బట్ట దొరకలేదు. ఆర్మగాన్‌లో ఉన్న ఫ్రాన్సిస్ డే అనే ఉద్యోగి దక్షిణానికి పోయి ఇంకో చోటు వెతికాడు. 1639లో అక్కడి నాయకుల దగ్గర ఒక ఇసుక తీరం తీసుకున్నాడు. అదే మద్రాసు, ఇప్పటి చెన్నై. ఒక రేవును వదిలేసి పోయినోళ్లు ఇంకోచోట మహానగరానికి పునాది వేశారు. వదిలేసిన ఊరు మత్స్యకారుల ఊరుగానే మిగిలింది.

ఈ ఊరి పేరు మళ్లీ మనందరి నోట పడింది 2014లో. రాష్ట్ర విభజన చట్టంలోనే దుగరాజపట్నంలో కొత్త పెద్ద ఓడరేవు కడతామని, మొదటి దశ 2018 కల్లా పూర్తి చేస్తామని రాశారు. ఆ గడువు దాటింది కానీ రేవు లేవలేదు. పక్కనే రాకెట్ కేంద్రం ఉండడం, సరస్సులో పక్షులుండడం, ఖర్చు, లాభం లెక్క కుదరకపోవడం అన్నీ అడ్డం పడ్డాయి. కాగితం మీది రేవుకు పడవ రాదని ఆ ఊరోళ్లకు రెండుసార్లు తెలిసింది.

రేవు ఎట్ల ఆరిపోయింది

పులికాట్ ఒక్క రోజులో మునిగిపోలేదు. 1690లో డచ్చివాళ్లు పెద్ద ఠాణాను నాగపట్నానికి మార్చుకున్నారు. 1781లో నాగపట్నం ఇంగ్లీషువాళ్ల చేతికి పోతే మళ్లీ పులికాట్‌కే వచ్చారు. 1795లో పులికాట్‌ను ఇంగ్లీషువాళ్లు పట్టుకున్నారు. 1806లో గెల్డ్రియా కోటను కూలగొట్టారు. 1818లో డచ్చివాళ్లకు తిరిగి ఇచ్చారు. చివరికి 1825లో ఒప్పందం ప్రకారం శాశ్వతంగా తీసుకున్నారు. ఊరు చేతులు మారుతుండగానే వ్యాపారమంతా మద్రాసుకు పోయింది. ఇంగ్లండు మిల్లుల బట్ట వచ్చినంక మగ్గం సప్పుడు తగ్గింది.

దీనికి తోడు ఇసుక. పెద్ద ఓడలు రాని రేవు మొగను ఎవరు తవ్విస్తరు? 19వ శతాబ్దంలో తీరం వెంబడి బకింగ్‌హాం కాలువ వచ్చింది. మద్రాసు ఊళ్లో దాని ముఖ్యమైన భాగాన్ని 1877, 1878 కరువు పనుల కింద తవ్వించారు. కట్టెలు, ఉప్పు, ధాన్యం ఆ కాలువ పడవల్లో మద్రాసుకు పోయేవి. పులికాట్ ఆ దారిలో ఒక మజిలీ అయింది. పడవ ఆగి పోయే మజిలీయే, సరుకు దిగే రేవు కాదు.

మిగిలినవేమిటి? కోట ఉన్నచోట కందకం, పొదలు. డచ్చి సమాధుల తోట, దాని వాకిట్లో రాతిలో చెక్కిన రెండు అస్థిపంజరాలు. పాత గుళ్లు, పాత మసీదులు. దొరల సమాధుల మీద పేర్లు, తారీఖులు, బొమ్మలు ఎంతో బాగా చెక్కి ఉన్నాయి. ఆ తోటను కేంద్ర పురావస్తు శాఖ కాపాడుతున్నది. ఓడలెక్కి పోయినోళ్లకు మాత్రం ఎక్కడా రాయి లేదు.

వంతుల పద్ధతి, వంతు లేనోళ్లు

దొరలు పోయారు, వ్యాపారులు పోయారు. సరస్సును వదలనోళ్లు మత్స్యకారులే. వాళ్లలో 'పాడు' అనే కట్టుబాటు ఉంది. సరస్సులో మంచి వేట దొరికే జాగాలను గుర్తించి, ఏ ఊరు, ఏ వల ఏ రోజు ఏ జాగాలో వేయాలో చీటీలతో, వంతులతో తేల్చుకుంటారు. బలమున్నోడు ఒక్కడే మంచి జాగా పట్టుకోవద్దని ఈ ఏర్పాటు. సంఘంలో అప్పు ఈ నెల ఒకరికి, వచ్చే నెల ఇంకొకరికి అని మనం వంతులు పెట్టుకున్నట్టే. రాజులు మారినా, కంపెనీలు మారినా ఈ వంతుల పద్ధతి నిలిచింది.

కానీ అందులో ఒక లోటు కూడా ఉంది. పాడు హక్కు కొన్ని ఊళ్ల, కొన్ని కులాల మగవాళ్లకే. ఇరుల తెగ ఆడవాళ్లకు ఆ వంతులో చోటు లేదు. వాళ్లు పడవ లేకుండా, వల లేకుండా, నడుము లోతు నీళ్లలో వంగి బురదలో చేతులతో తడిమి రొయ్యలు పడతారు. పట్టిన రొయ్యలు వేసుకునే తాటాకు బుట్టను పళ్లతో కరిచి పట్టుకుంటారు. ఆ బుట్టలోవి అమ్మితేనే పొయ్యి వెలుగుతది. కట్టుబాటు ఎంత మంచిదైనా అందులో ఎవరి పేరు లేదో కూడా చూడాలని ఈ ఊరు మనకు చెబుతున్నది.

ఊళ్లో ముస్లిం ఆడవాళ్ల చేతిలో ఇంకో విద్య ఉంది. తాటాకు చీల్చి, రంగులద్ది బుట్టలు, పెట్టెలు, చాపలు అల్లుతారు. ఇంట్లో కూర్చుని చేసే పని. సహకార సంఘంగా కూడి అమ్ముకున్నప్పుడు దళారి చేతిలో పడకుండా కొంత ధర దక్కింది. మగ్గం ఆరిపోయిన ఊళ్లో అల్లిక బతికింది.

ఊరిని నిలబెట్టడమంటే

ఇప్పుడు ఆ ఊరిని మళ్లీ నిలబెట్టాలనే పని జరుగుతున్నది. వాస్తుశిల్పులు, చరిత్రకారులు, ఊరివాళ్లు కలిసి పాత కట్టడాలను లెక్క రాసి, కాపాడడానికి పాటుపడుతున్నారు. చూడడానికి వచ్చేవాళ్లకు ఊరి కథ చెబుతున్నారు. ఇది మంచి పనే. కానీ గోడకు సున్నమేసినంత మాత్రాన ఊరు బతకదు. మొగ పూడిన ఏడు పడవలు ఒడ్డునే ఉంటాయి, ఇంట్లో అప్పు పెరుగుతది. అందుకే మత్స్యకారుల మొదటి కోరిక ఎప్పుడూ మొగ గురించే. పూడిన ఇసుకను ఊరోళ్లే తవ్వుకున్న రోజులున్నాయి. ఈ మధ్య ఏండ్లలో తమిళనాడు ప్రభుత్వం మొగకు రెండు పక్కలా రాళ్ల కట్టలు వేసి ఇసుకను ఆపే పని చేపట్టింది.

మొగ తెరిస్తే ఏమైతదో చిలికా సరస్సు చూపించింది. అక్కడ కూడా మొగ పూడి, నీళ్లలో ఉప్పు తగ్గి, గుర్రపుడెక్క పెరిగి, చేపలు పోయాయి. 1999-2000లో ఏడాది మొత్తానికి దిగుబడి రెండు వేల టన్నులు కూడా లేదు. 1993లోనే చిలికాను ప్రపంచంలో ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల జాబితాలో చేర్చారు. 2000 సెప్టెంబరులో సముద్రానికి కొత్త మొగ తవ్వారు. రెండేండ్లలోపే దిగుబడి పది వేల టన్నులు దాటింది. 2002లో ఆ ప్రమాద జాబితా నుంచి పేరు తీసేశారు. కోటలు కట్టలేదు, ఒక నోరు తెరిచారు, అంతే. అయితే అది ఒక్కసారి తవ్వి వదిలేసే పని కాదు. ఇసుక ప్రతి ఏడూ వస్తది, కనిపెట్టుకుని ఉండవలసిందే.

మన నీళ్ల ఒడ్డున

ఇక మన ముచ్చటకు వద్దాం. మాన్వాడ దగ్గర మిడ్ మానేరు కట్టినప్పుడు వరదవెల్లి, కొదురుపాక, నీలోజిపల్లి, చీర్లవంచ, సంకెపల్లి, అనుపురం లాంటి ఊళ్లు నీళ్ల కిందికి పోయాయి. ఆ ఊళ్ల అక్కలు ఇప్పుడు పునరావాస కాలనీల్లో ఉన్నారు. వాళ్ల సంఘాలు కూడా ఊరితోపాటు కదిలిపోయాయి. పాత ఊళ్లో ఇంటి ముందే మీటింగ్ పెట్టుకున్నోళ్లు కొత్త కాలనీలో మళ్లీ పక్కపక్కన కూర్చోవడం అంత అలవోకగా జరిగిన పని కాదు. ఆ ఊళ్ల పేర్లు, బొడ్రాయి జాగా, బతుకమ్మను సాగనంపిన చెరువు, ఎవరి పొలం ఎక్కడుండెనో ఇప్పుడే రాసిపెట్టుకోకపోతే మన మనవరాళ్లకు తెలియదు. పులికాట్‌లో దొరల సమాధుల మీద రాత ఉంది, నేతగాళ్ల గురించి, రొయ్యలు పట్టిన ఆడవాళ్ల గురించి రాత లేదు. మన చరిత్రలో ఆ తప్పు జరగనీయొద్దు.

చెరువుల సంగతి కూడా ఉంది. 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు రాష్ట్రంలో 46 వేలకు పైగా చెరువులు, కుంటల పూడిక తీయాలని పెట్టుకున్నారు. మన ఊళ్లల్లో కూడా పూడిక తీశారు, ఒండ్రుమట్టి చేన్లకు తోలుకున్నాం. ఇన్నేండ్లకు తూము దగ్గర మళ్లీ మట్టి చేరిందా? మత్తడి మీద చెట్లు మొలిచాయా? కాలువలో చెత్త పేరుకుందా? చూసే మనిషి ఎవరు? ఒకప్పుడు ప్రతి ఊళ్లో నీరటి ఉండేవాడు, తూము ఎత్తేది, దించేది అతని పని. ఇప్పుడు ఆ పని అందరిదీ అయి ఎవరిదీ కాకుండా పోయింది. గ్రామ సమాఖ్య మీటింగులో ఏడాదికి రెండుసార్లు, వానలకు ముందు ఒకసారి, దసరా తర్వాత ఒకసారి, చెరువు చూసి వచ్చి పుస్తకంలో రాస్తే గ్రామ పంచాయతీని అడగడానికి మన చేతిలో కాగితం ఉంటది. ఉపాధి హామీ పనుల్లో పెట్టించుకోవచ్చు.

అట్లనే సంఘానికి కూడా ఒక మొగ ఉంది. పంచసూత్రాలు మనకు కొత్తవి కావు. మీటింగ్ పెట్టుకోవడం, పొదుపు చేయడం, సంఘంలోనే అప్పులిచ్చుకోవడం, కిస్తు కట్టడం, పుస్తకాలు రాయడం. వీటిలో ఒక్కటి ఆగినా మొదట్లో ఎవరికీ తెలియదు. సీఏ వచ్చి రాసుకుపోతున్నది కదా, బ్యాంకు అప్పు ఇస్తున్నది కదా అనుకుంటాం. ఇసుక కూడా అట్లనే చేరుతది, కొంచెం కొంచెంగా. అందరికీ కనబడేటప్పటికి పడవలు ఒడ్డునే పడి ఉంటాయి. మీటింగుకు రాని సభ్యురాలు ఎందుకు రాలేదో ఇంటికి పోయి అడగడమే మన పూడికతీత. ఆమె మీద ఫైనాన్సువాళ్ల అప్పు పడిందేమో, ఆయన దుబాయిలో పని లేక కూర్చున్నాడేమో. పాడు వంతుల్లో పేరు లేని ఆడవాళ్లను గుర్తుచేసుకుని, మన సంఘాల్లో ఇంకా చేరని ఒంటరి మహిళలు, వికలాంగులు, కొత్తగా ఊరికొచ్చిన వలస కుటుంబాల ఆడవాళ్లు ఎవరో లెక్క తీయాలి.

పులికాట్ నేతగాళ్లు లోకమంతా మెచ్చిన బట్ట నేశారు. ధర చెప్పే నోరు వాళ్లది కాకపోయింది. సిరిసిల్ల అక్కలు సంఘంగా చీరల ఆర్డర్లు అడిగినా, కోరుట్ల అక్కలు బీడీ కూలి రేటు కోసం ఒక్కమాట మీద నిలబడినా, జగిత్యాల అక్కలు మామిడికాయ తొక్కు సీసాల మీద తమ సంఘం పేరే వేసుకున్నా, అది ధర చెప్పే నోరు తెరుచుకోవడమే.

వచ్చే వానాకాలం లోపు ప్రతి గ్రామ సమాఖ్య ఒక్క పని చేయాలని ఈ సంచిక ద్వారా కోరుతున్నాం. ఊరి పెద్దమనుషులను, ముఖ్యంగా ముసలమ్మలను అడిగి ఊరి చెరువు కథ రెండు పేజీలు రాసి పంపండి. ఎవరు తవ్వించారు, తూము ఎక్కడుంది, ఎప్పుడు తెగింది, ఎవరు కట్టారు, ఎవరి మడి తడిసింది, ఎవరి మడికి నీళ్లు రాలేదు, అన్నీ రాయండి. రాయరాని అక్క చెబితే, చదువుకున్న బిడ్డ రాయాలి. చెప్పిన అక్క పేరు మాత్రం పైన తప్పకుండా రాయండి.